ఆవిడ ఇంకా స్నానం చెయ్యలేదు

బాత్రూంలో నీళ్ళు పోవడం లేదని ఫోన్ చేస్తే ఉమ్ సలాల్ నుంచి ప్లంబర్ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. దోహాలో, ఈ అల్ తుమామాలో మా భవనం మొత్తానికి అతనే వస్తాడు. వచ్చిన ప్రతిసారీ టీ తాగి, మా గోదావరి మాటల మీద ఏదో ఒకటి అని నవ్వుకుని వెళ్తాడు. ఈసారి టబ్బు పక్కన గొంతుక్కూర్చుని, తూములోకి తీగ దోపి, కాసేపు కుస్తీ పట్టి, తడిసి ముద్దయిన తువ్వాలు ముక్క ఒకటి బయటికి లాగాడు. దాని వెనకే ఇంకొకటి వచ్చింది.

"బట్ట కుక్కిన్రమ్మా" అన్నాడు. "ఇంట్ల చిన్నపిల్లలున్నరా?"

లేరన్నాను. గుమ్మంలో నిలబడిన మా అమ్మ, తన సొమ్మేదో ఎత్తుకుపోతున్నట్టు ఆ ముక్కల వైపే చూస్తోంది. ఎనభై దాటిన మనిషి. నాన్న పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఈ మధ్య పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు గానీ, ఎప్పటివో సంగతులు మాత్రం నిన్న జరిగినట్టు చెబుతుంది.

"నీళ్ళు వదిలెయ్యకు బాబూ" అంది అతనితో. "ఆవిడ ఇంకా స్నానం చెయ్యలేదు."

అతను నా మొహం చూశాడు. ఆవిడెవరని అడగలేదు. "ఇడువనమ్మా, మీరు రందివడకుండ్రి" అని అమ్మకి చెప్పి, తూముకి కొత్త రబ్బరు బిరడా బిగించి, అమ్మ పట్టుకుని లేవడానికి గోడకి ఒక ఇనప పిడి కూడా వేసి వెళ్ళాడు. అతని వెనకాలే తలుపు వేసుకుని, ఆ తడి గుడ్డల్ని చేతిలో పట్టుకుని నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఆవిడెవరో నాకు తెలుసు. తెలిసినవాళ్ళం ఈ భూమ్మీద ఇక ఇద్దరమే మిగిలాం.

నా చిన్నతనంలో మేముండే ఇల్లు పాత దోహాలో ఉండేది. ప్రహరీ గోడ, రెండు గదులు, మేడ మీద ఒక ఇనప ట్యాంకు. నీళ్ళు లారీలో వచ్చేవి. పఠాన్ డ్రైవరు సందు మొదట్లో హారన్ కొడితే చాలు, అమ్మ చేతిలో పనెక్కడిదక్కడ వదిలేసి వీధి తలుపు తీసేది. ఆ ట్యాంకు అడుగంటితే మళ్ళీ లారీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి కాబట్టి స్నానానికి ఒక్క బకెట్టు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి, బట్టలు జాడించిన నీళ్ళు వాకిట్లోకి. ఇక ఎండాకాలమైతే చన్నీళ్ళ కుళాయి తిప్పితే సలసల కాగే నీళ్ళొచ్చేవి. ముందురోజే బకెట్లు నింపి గదిలో చల్లార్చుకోవాలి. అందుకని మా దృష్టిలో వేడినీళ్ళంటే ఎండాకాలం వేసే శిక్ష. సుఖం కోసం ఎవరైనా వాటిలో కూర్చుంటారంటే నేను నమ్మేదాన్ని కాదు.

నాన్న ఒక జపాన్ కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. ఆయన పై అధికారి కూడా జపాన్ వాడే. ఇంట్లో మాకందరికీ ఆయన "సార్". పెళ్ళి కాలేదు, క్యాంపు భోజనం మొహం మొత్తి మా ఇంటికొచ్చి అమ్మ చేసిన చేపల పులుసు కన్నీళ్ళు కారుతుండగా తినేవాడు. ఒక చలికాలం కంపెనీ వాళ్ళు ఏదో పని మీద నాన్నని కొన్ని వారాలు జపాన్ పంపించారు, కుటుంబంతో సహా. కొత్త సంవత్సరానికి ఆఫీసు మూసేస్తారు, ఆ ఊళ్ళో మీరేం చేస్తారు, మా అమ్మ దగ్గరికి వెళ్ళండి, నేనూ వెనకాలే వస్తాను అన్నాడు సార్. వాళ్ళమ్మకి కొండల్లో సరస్సు ఒడ్డున వేడినీటి బుగ్గ ఉన్న చిన్న సత్రం ఉందట.

అమ్మ అప్పటికే ఒక తప్పు మోస్తోంది. క్రిస్మస్ ఆరాధన లేకుండా గడిచిపోయింది. దోహాలో ఆ రోజుల్లో మా ప్రార్థనలు ఎవరో ఒకరి ముందుగదిలోనే జరిగేవి. అయినా క్రిస్మస్ నాడు పాట పాడకుండా ఉన్నది లేదు. ఈ ఏడాది పరాయి ఊళ్ళో, హోటల్ గదిలో ముగ్గురం మోకరించి లేచాం, అంతే. "దేవుడు మనల్ని వెతుక్కుంటూ ఉంటాడు దోహాలో" అని నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. సరస్సుకి వెళ్ళే రైల్లో కూడా కిటికీ లోంచి మంచు చూడకుండా ఒళ్ళో ఆవకాయ డబ్బా పట్టుకుని కూర్చుంది.

సత్రం అంటే పెద్దదేదో అనుకున్నాను. చెక్క ఇల్లు, ముందు నల్లగా సరస్సు, వెనక కొండ. ఎక్కడ చూసినా మోకాలి లోతు మంచు. ఆ కాలంలో మేం తప్ప వేరే అతిథులు లేరు. పనమ్మాయి కూడా పండక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది. సార్ వాళ్ళమ్మ ఒక్కత్తే ఉంది. పొట్టి మనిషి, నడుము కొంచెం వంగింది. మమ్మల్ని చూడగానే చాప మీద తల ఆనించి దండం పెట్టేసరికి అమ్మ హడలిపోయి తనూ కూలబడి అంతకంటే కిందకి వంగింది. ఇద్దరిలో ముందు ఎవరు లేవాలో తెలియక అలాగే ఉండిపోయారు. చివరికి నాన్న దగ్గితే లేచారు. నేను ఆవిణ్ణి మామ్మగారు అనేదాన్ని. ఆవిడకి అర్థమయిందో లేదో గానీ పిలిస్తే పలికేది.

ఆ ఇంట్లో వాసనలు ఇప్పటికీ నా ముక్కులోనే ఉన్నాయి. ఎండిన గడ్డి చాపలు, కట్టెల పొగ, చేపలు కాల్చిన వాసన, వీటన్నిటి కింద మురిగిన కోడిగుడ్డులాంటిది ఒకటి. అది బుగ్గ నీళ్ళ వాసన. మొదటిసారి తగిలినప్పుడు నాన్న నా వైపు అనుమానంగా చూశాడు, నేను నాన్న వైపు చూశాను. కింద నిప్పులు పెట్టి పైన బొంత కప్పిన పొట్టి బల్ల ఒకటి ఉండేది. దాని కింద కాళ్ళు చాపుకుని నారింజలు తినడమే నా పని. తొక్కలు నిప్పుల్లో వేస్తే చిటపటమనేవి. మామ్మగారు కళ్ళెర్ర చేసి, అమ్మ అటు తిరగ్గానే తనూ ఒక తొక్క వేసేది. సరస్సులో పట్టిన చిటికెన వేలంత చేపలు వేపి పెడితే అమ్మ మొదటిసారి కడుపునిండా తింది. అన్నం మాత్రం జ్వరం వచ్చిన వాళ్ళకి పెట్టే ముద్దన్నంలా ఉందనేది. మామ్మగారు ఆవకాయ ముక్క నోట్లో వేసుకుని, కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నా ఉమ్మెయ్యకుండా, మళ్ళీ గిన్నె చాపింది. ఆ రోజు నుంచి అమ్మకి ఆవిడంటే ప్రాణం.

స్నానాల గది ఇంటి చివర, నడవ దాటాక. చెక్కతో చేసిన పెద్ద తొట్టి, నేను నిలబడితే మెడదాకా వచ్చేది. కొండ లోంచి వెదురు గొట్టంలో నీళ్ళు వేలెడు మందాన ధారగా అందులో పడుతూ ఉండేవి. పైన చెక్క పలకలు మూతగా పరిచి ఉండేవి. మొదటి సాయంత్రం మామ్మగారు అన్నీ సైగలతో చూపించింది. ముందు పీట మీద కూర్చుని ఒళ్ళు రుద్దుకోవాలి, చెంబుతో పోసుకోవాలి, శుభ్రమయ్యాక తొట్టిలో దిగాలి. తొట్టి అడుగున ఉన్న చెక్క బిరడా గురించి ఏమీ చెప్పలేదు. ఎవరైనా దాన్ని పీకుతారని ఆవిడకి కల్లో కూడా వచ్చి ఉండదు.

ముందు నాన్న, తర్వాత అమ్మ, నేను. అమ్మ లంగా గుండెలకి కట్టుకుని, నన్ను అటు తిరగమని, అలాగే నీళ్ళలో దిగింది. మా వైపు ఆడవాళ్ళు తల్లీకూతుళ్ళైనా అలాగే చేస్తారు. పైకొచ్చాక నేను బట్టలేసుకుంటూ ఉంటే, బిరడా పీకేసింది. నీళ్ళన్నీ గుడగుడమని పోయాయి. ముగ్గురి ఒళ్ళూ కడిగిన నీళ్ళు, పెద్దావిడ చేత ఎత్తిపోయించుకుంటామా అంది. కొబ్బరి పీచు లేదుగదాని చీపురు పుల్లలతో తొట్టంతా రుద్ది, బిరడా పెట్టి, పలకలు ఎలా ఉన్నవి అలా పరిచింది. ఎంత తృప్తి పడిందో! దోహాలో చెంబుడు నీళ్ళకి లెక్క చూసుకునే మనిషికి, కొండలోంచి ఊరికే వచ్చే నీళ్ళకి అంతముంటుందని తోచలేదు.

మేం బయటికొచ్చేసరికి నడవలో మామ్మగారు చిన్న తువ్వాలు మడిచి చేతి మీద వేసుకుని నిలబడి ఉంది. మాకోసం తెచ్చిందనుకుని అమ్మ, "మాకుందండి" అని తెలుగులోనే చెప్పింది. ఆవిడ వంగి దండం పెట్టింది. అమ్మా పెట్టింది. మా వెనక ఆ తలుపు తెరుచుకోవడం, కాసేపటికి మళ్ళీ మూసుకోవడం వినబడింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆవిడ తువ్వాలుతో నిలబడటం, అమ్మ "మాకుందండి" అనడం, దండాలు.

పగలంతా మామ్మగారు మంచు తవ్వేది, చన్నీళ్ళలో గిన్నెలు కడిగేది. మూడో రోజుకి వంటింటి మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. కూర్చుంటే మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని లేచేది. అమ్మ తన నొప్పుల మందు తీసి ఆవిడ మోకాళ్ళకి రాసింది. తర్వాత మా గదిలోకొచ్చి నాన్నతో అంది, పాపం ఆవిడకి కీళ్ళు పట్టేశాయి, వేడినీళ్ళు ఇంట్లోనే పెట్టుకుని రోజూ కాసేపు కూర్చోవచ్చు గదా, ఏం మనిషో, అని. ఆ మాట అమ్మ తర్వాత జీవితమంతా తల్చుకుంది.

ఏడాది ఆఖరి రోజు సాయంత్రం సార్ వచ్చాడు. మా స్నానాలయ్యాక ఆయన వెళ్ళి, పలకలు తీసి, వెంటనే వెనక్కొచ్చాడు. వంటింట్లో తల్లీకొడుకులు గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకున్నారు. మామ్మగారు ఆయన చొక్కా పట్టుకుని లాగుతూ, వద్దు వద్దన్నట్టు తల ఊపుతోంది. ఆయన తల గోక్కుంటూ వచ్చి నాన్నకి ఇంగ్లీషులో చెప్పి నవ్వేశాడు. నాన్న కూడా నవ్వుతూనే అమ్మ వైపు తిరిగాడు.

"ఏమేవ్, ఆ నీళ్ళు మన ముగ్గురికే కాదంట. ఇంటిల్లిపాదీ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అందులోనే దిగుతారంట. అతిథులకి ముందు, ఇంటావిడకి ఆఖర్న. చలికాలం ఊట సన్నగా వస్తుంది, తొట్టి నిండాలంటే మళ్ళీ మర్నాటి సాయంత్రం దాకా పడుతుందంట."

అమ్మ చేతిలో నారింజ అలాగే ఉండిపోయింది. "అయితే ఆవిడ?"

నాన్న నవ్వు ఆగిపోయింది. ఆయనకీ అప్పుడే వెలిగినట్టుంది.

"మనం వచ్చిన కాణ్ణించీ చెయ్యలేదన్నమాట" అన్నాడు.

చెప్పొచ్చు గదా అని అమ్మ అడిగింది. సార్ చెప్పింది ఏమిటంటే, అతిథి తన చేతులతో తొట్టి అంత శ్రద్ధగా కడిగి పెడుతుంటే అది తప్పని చెప్పడానికి వాళ్ళమ్మకి మనసొప్పలేదట. అమ్మకి తల కొట్టేసినట్టయింది. ఏమీ తినలేదు. సంవత్సరాంతపు ప్రార్థనలో నాన్న కుటుంబం కోసం, కంపెనీ కోసం ప్రార్థన చేస్తుంటే, అమ్మ కళ్ళు తెరిచి వంటింటి వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు కొత్త సంవత్సరం. తొట్టి నిండాక ముందు ఆవిడే చెయ్యాలని అమ్మ సార్‌తో చెప్పించింది. మామ్మగారు చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి దబ్బకాయ కంటే చిన్నవి, పసుపుపచ్చటి పుల్లటి పళ్ళు గంపలో వేసుకుని నడవలోకి వచ్చింది. గంప కింద పెట్టి, అమ్మ మణికట్టు పట్టుకుంది. అమ్మని చూపించింది, తనని చూపించింది, లోపల తొట్టిని చూపించింది. ఇద్దరం కలిసి, అని. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న తగువు ఆవిడ అలా తీర్చేసింది.

అమ్మ స్వెట్టర్ మీద నుంచే పమిట రెండు చేతులతో బిగించి పట్టుకుంది. "వద్దండి. నేను రాలేనండి. ఏమీ అనుకోకండి" అంటూ వెనక్కి వెనక్కి వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగాక మరో ఆడమనిషి ముందు బట్ట విప్పి ఎరగదు. ఆవిడ ముందు విప్పడం కంటే ఆ సరస్సులో దూకడం తేలిక అమ్మకి. మామ్మగారు తలుపు తెరిచి పట్టుకుని అలాగే నిలబడింది. లోపలి ఆవిరంతా నడవలోకి వచ్చేస్తోంది. నాకేమో చలేస్తోంది. నేను అమ్మ పక్కనుంచి లోపలికి దూరిపోయాను.

నా చిన్నతనంలో అంత సుఖం మళ్ళీ ఎప్పుడూ పడలేదు. మామ్మగారు నన్ను పీట మీద కూర్చోబెట్టి, వీపు రుద్ది, చెంబుతో పోసి, ఎత్తి నీళ్ళలో దింపింది. పళ్ళన్నీ తొట్టిలో వేసింది. అవి నా గడ్డం చుట్టూ తేలుతూ ఉంటే ఆ పుల్లటి వాసన తలకెక్కింది. ఒకటి కొరికి మొహం వికారంగా పెట్టాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. మడిచిన తువ్వాలు నా నెత్తిన పెట్టింది, తన నెత్తినా పెట్టుకుంది. కిటికీ అవతల సరస్సు మీద మంచు పడుతోంది. ఆవిడ కాళ్ళు నీళ్ళలో మెల్లగా చాపి, కళ్ళు మూసుకుని పెద్ద నిట్టూర్పు విడిచింది.

ఒక్క సంగతి మాత్రం అప్పుడు నాకు అర్థం కాలేదు. తొట్టి అంత పెద్దదైనా ఆవిడ ఒక మూలకి ఒదిగి కూర్చుంది. నేను ఆ ఖాళీ వైపు ఈదబోతే నడుం పట్టుకుని మెల్లగా వెనక్కి లాక్కుంది. మళ్ళీ వెళ్తే మళ్ళీ లాక్కుంది. మధ్యమధ్యలో తలుపు వైపు చూసేది.

తలుపవతల, ఆ చల్లటి చెక్కల మీద అమ్మ నా బట్టలు పట్టుకుని నిలబడి ఉంది. మా నవ్వులన్నీ విని ఉంటుంది. బయటికొచ్చాక నా తల తుడిచింది, అవసరానికి మించిన జోరుతో. ఎలా ఉందని అడగలేదు. నేను చెప్పలేదు.

వచ్చేసేటప్పుడు మామ్మగారు అమ్మ చేతిలో ఒక పసుపు పండు పెట్టింది. అది దోహాలో మా ఫ్రిజ్‌లో ఎండి గోళీ అయ్యేదాకా ఉంది. మరుసటి చలికాలం సార్ ఒకరోజు మా ఇంటికొచ్చి, పులుసు అన్నం ముందు కూర్చుని, వాళ్ళమ్మ పోయిందనీ సత్రం అమ్మేశామనీ చెప్పాడు. అమ్మ వడ్డన పూర్తిచేసి బాత్రూంలోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఆఖరున స్నానం చేసే మనిషి ఎప్పుడూ అమ్మే. చేశాక ఒక బకెట్టు నింపి, మూత పెట్టి ఉంచేది. ఆ తొట్టి మాట ఎత్తి ఏడిపించడం నాన్న మానేశాడు.

అమ్మ బాధ నాన్నకీ నాకూ తెలిసిందే. నాది ఎవరికీ తెలియదు. అమ్మ రోజూ తల్చుకుని నలిగిపోయే ఆ సాయంత్రమే నా బాల్యంలోకెల్లా మంచి సాయంత్రం. ఇప్పటికీ దబ్బకాయ తొక్క వాసన తగిలితే ముందు సంతోషం వస్తుంది, వెనకాలే సిగ్గొస్తుంది. ఆ ఖాళీ చోటు ఎవరికోసమో పెద్దయ్యాక తెలిసింది. తెలిశాక అమ్మకి చెప్పడానికి ధైర్యం చాల్లేదు. చెప్పకపోవడమూ తప్పే అనిపించేది.

ప్లంబర్ వెళ్ళిన సాయంత్రం టబ్బు నింపాను. వెస్ట్ బే ఆఫీసు నుంచి మా ఆయన రావడానికి ఇంకా టైముంది. అమ్మ ఎప్పటిలాగే లంగా గుండెలకి కట్టుకుని, కొత్త పిడి పట్టుకుని నీళ్ళలో కూర్చుంది. వీపు రుద్దడానికి నేను ఎప్పుడూ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఆ రోజు ఏమనిపించిందో, నైటీతోనే నేనూ దిగి అమ్మ వెనకాల కూర్చున్నాను. నాకూ బట్ట విప్పే ధైర్యం లేదు, అమ్మ కూతుర్నే గదా. నీళ్ళు అంచు దాటి నేల మీదకి పొర్లాయి. చిన్న తువ్వాలు తడిపి, ఆవిడ నాకు రుద్దినట్టే, మెడ నుంచి నడుం దాకా మెల్లగా రుద్దాను.

"ఎలా ఉందే?" అంది అమ్మ, అటే చూస్తూ.

"ఏంటమ్మా?"

"ఆ రోజు. లోపల."

ఇన్నేళ్ళలో అడగని మాట. గొంతు మామూలుగానే ఉంది. వెచ్చగా ఉందమ్మా అన్నాను. పళ్ళు తేలుతున్నాయన్నాను. అక్కడితో ఆపేద్దామనుకున్నాను. రేపటికి మర్చిపోయే మనిషికి ఇప్పుడీ బాధెందుకు? కానీ అమ్మ తల కొంచెం పక్కకి తిప్పి, ఇంకా వింటున్నట్టు ఆగింది.

"నీకు చోటుంచిందమ్మా" అన్నాను. "చివరిదాకా ఒక మూలకే కూర్చుంది. నన్ను కూడా అటు పోనివ్వలేదు."

అమ్మ వీపు నా చేతికింద బిగుసుకుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. చెప్పకుండా ఉండాల్సిందని నన్ను నేను తిట్టుకున్నాను. కాసేపటికి అమ్మ ఇనప పిడి పట్టుకుని, ముక్కుతూ మూలుగుతూ, గోడ వైపుకి జరిగింది.

"నువ్వూ జరుగు మరి" అంది.

జరిగాను. ఉన్న ఆ ఇరుకు టబ్బులో ఇద్దరం ఒక పక్కకి ఒదిగి, రెండో పక్కన నీళ్ళు ఖాళీగా ఉంచి, చల్లారేదాకా కూర్చున్నాం.